ఫణిగిరి: కాలినడకన చదవవలసిన బౌద్ధ విహారం

సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద అర్వపల్లి దాటి నాగారం మండలంలోకి వెళ్లిన తరువాత, బిక్కేరు వాగు ఎడమ గట్టున ఫణిగిరి అనే గ్రామం, దానిని ఆనుకొని పడగ విప్పిన పాములా కనిపించే ఒక రాతిగుట్ట ఉన్నాయి. ఆ గుట్ట నెత్తిన ఉన్న చదునులో క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నుంచి క్రీస్తు శకం 4వ శతాబ్దం వరకు వర్ధిల్లిన బౌద్ధ విహారపు శిథిలాలు, అంటే ఇటుక స్తూపాల అడుగుభాగాలు, వరుసలు తీరిన రాతి స్తంభాలు, భిక్షువుల గదుల పునాది గోడలు, ఒక్కో ఎత్తుకు చేర్చే మెట్ల వరుసలు, తవ్వకాల్లో బయటపడ్డాయి. విహారమంటే భిక్షువులు కలసి నివసించే ఆవాసం. స్తూపమంటే బుద్ధుని అస్థికలనో, పూజ్యులైన భిక్షువుల అస్థికలనో, వారి స్మృతినో నిక్షేపించి పైన కట్టిన గుండ్రని కట్టడం. ఈ రెండూ ఒకే ఆవరణలో ఉన్న చోటును సంఘారామం అంటారు.

తెలుగునాట పాడుబడిన మఠం అనగానే కాకతీయుల కాలపు శైవ మఠాలు ముందుగా స్ఫురించడం సహజమే. 1261 నాటి మల్కాపురం శాసనం గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుని గురించి, ఆయన ఆధ్వర్యంలో నడిచిన అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విద్యాలయాల గురించి ఎంతో విపులంగా చెబుతుంది. అయితే శాసనంలో అంత నిండుగా కనిపించే ఆ మఠజీవితాన్ని నేలమీద గది గదిగా నడిచి చూడడానికి మిగిలింది స్వల్పం. దానికంటె దాదాపు వెయ్యేళ్లు ముందరిదైన ఫణిగిరిలో పరిస్థితి తలకిందులు: ఇక్కడ రాతలో దొరికింది కొంచెం, నేలమీద దొరికింది ఎక్కువ. పైగా ఈ సంఘారామాన్ని నిర్మించినవారు నడిచి వచ్చేవారినే దృష్టిలో పెట్టుకున్నారు; భిక్షకు ఊళ్లోకి దిగే భిక్షువు, మొక్కు చెల్లించుకోవడానికి ఎక్కివచ్చే గృహస్థుడు, స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేసే యాత్రికుడు, దారినపోతూ ఒక పూట ఆగే వర్తకుడు, అందరూ కాలినడకన వచ్చేవారే. అందువల్ల ఈ స్థలచరిత్రను పాలకుల వరుసలో చెప్పడం కంటె వాగు నుంచి గుట్ట నెత్తి దాకా పాదాలు పోయే వరుసలో చెప్పడమే సబబు.

ఆ నడక వాగు దగ్గర మొదలవుతుంది. బిక్కేరు మూసీకి ఉపనది. మూసీ సూర్యాపేట ప్రాంతాన్ని తాకుతూ పోయి మిర్యాలగూడకు దిగువన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమానికి ఎగువన, కృష్ణ ఒడ్డునే, క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నేటి నాగార్జునకొండ, ఉండేది. అంటే ఫణిగిరి గుట్ట కింద పారే నీరు చివరికి చేరేది ఆ రాజధాని ఉన్న కృష్ణా లోయకే. ఉత్తరాది నుంచి దక్కను మీదుగా తీరాంధ్రకు దిగే ప్రాచీన వర్తక మార్గం ఈ పరిసరాల నుంచే పోయిందని చరిత్రకారులు భావిస్తారు. దానికి బలమైన ఆధారం చుట్టుపక్కల ఉన్న ఊళ్లే. తిరుమలగిరి, గాజులబండ, వర్ధమానుకోట, నాగారం, సింగారం, అర్వపల్లి, ఇవన్నీ ప్రాచీన బౌద్ధ అవశేషాలకు పేరుపడినవి, ఒకదానికొకటి నడిచి పోగలిగిన దూరాల్లో ఉన్నవి. ఎక్కడో అడవిలో ఒంటరిగా వెలసిన తపోవనంగా ఫణిగిరిని ఊహించుకునేవారికి ఈ సంగతి తెలియకపోవడం వల్లనే ఆ పొరపాటు కలుగుతుంది; వాస్తవానికి అది రద్దీగా ఉన్న దారి పక్కన, సాటి విహారాల నడుమ నిలిచిన సంస్థ.

ఊరికీ గుట్టకూ ఉన్న ఎడం కూడా గమనించదగినదే. భిక్షువులకు మొదట స్థిరనివాసం లేదు. వానకాలం మూడు నెలలు మాత్రం తిరగడం మాని ఒకచోట ఉండాలన్న నియమం, దానినే వర్షావాసం అంటారు, క్రమంగా శాశ్వత విహారాలకు దారితీసింది. భిక్షువుల ప్రవర్తనా నియమాలను చెప్పే వినయపిటకంలో, బింబిసార మహారాజు సంఘానికి వేణువనాన్ని దానం చేసే సందర్భంలో, ఆరామం ఊరికి మరీ దగ్గరగానూ మరీ దూరంగానూ ఉండరాదని, రాకపోకలకు అనువుగా ఉంటూనే పగలు జనసమ్మర్దం, రాత్రి అలికిడి లేకుండా ఉండాలని కనిపిస్తుంది. ఫణిగిరి ఆ లక్షణానికి సరిగ్గా సరిపోతుంది. పొద్దున భిక్షాపాత్ర పట్టుకొని దిగిన భిక్షువు మధ్యాహ్నంలోపు భోజనం ముగించాలి కాబట్టి ఊరు అందుబాటులో ఉండాలి. ధ్యానానికీ పఠనానికీ ఊరి సందడి తగలకుండా ఎత్తూ ఉండాలి. ఈ రెండు అవసరాలను ఒక్క గుట్ట తీర్చింది.

గుట్ట ఎక్కడం కష్టమేమీ కాదు గాని, బండరాయి వేడెక్కే నెలల్లో పొద్దెక్కక ముందే పైకి చేరడం, నీళ్లు వెంట తీసుకుపోవడం మంచిది. ఎక్కుతున్నప్పుడు కాళ్ల కింద ఉన్న రాయిని ఒకసారి పరికించాలి. తెలంగాణలోని చాలా గుట్టల లాగే ఇదీ గ్రానైటు రాయి. గరుకుగా, బూడిదరంగులో, గుళ్లు గుళ్లుగా ఉండే ఈ రాయి పునాదికీ గోడకూ పనికివస్తుంది గాని సన్నని చెక్కడానికి లొంగదు. పైన దొరికిన శిల్పాలు మాత్రం లేత ఆకుపచ్చ, తెలుపు కలిసిన సున్నపురాయితో చేసినవి. ఆ రాయి ఈ గుట్టది కాదు. అది పల్నాటి సున్నపురాయి జాతికి చెందినది, కృష్ణకు రెండు వైపులా పొరలు పొరలుగా దొరికేది. నేడు వాడపల్లి, మేళ్లచెరువు, మట్టపల్లి పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు వెలసింది కూడా అటువంటి సున్నపురాతి నిక్షేపాల మీదనే. శిల్పానికి తగిన దళసరి పలకలను అంత దూరం నుంచి బండ్ల మీద తెప్పించి, గుట్ట మీదికి చేరవేసి, నిలబెట్టిన వారికి ధనబలంతో పాటు దారుల మీద పట్టు కూడా ఉండి ఉండాలి. గుట్ట మీద విరిగి పడిన ఒక చిన్న సున్నపురాతి ముక్క కూడా, దాని పక్కనున్న గ్రానైటు బండతో పోల్చి చూసినప్పుడు, ఆ రవాణా కథనంతా చెబుతుంది.

ఫణిగిరికి ప్రపంచప్రసిద్ధి తెచ్చిపెట్టిన తోరణం ఆ సున్నపురాయిదే. బౌద్ధ వాస్తులో తోరణమంటే రెండు నిలువు స్తంభాల మీద అడ్డంగా దూలాలు పరచి నిర్మించిన ప్రవేశద్వారం; మధ్యప్రదేశ్‌లోని సాంచీ స్తూపం చుట్టూ ఉన్న నాలుగు ద్వారాలు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణలు. దక్షిణాదిన అమరావతి, నాగార్జునకొండ వంటి గొప్ప స్తూపాలున్నా, సాంచీ పద్ధతి రాతి తోరణం అక్కడ కనిపించలేదు. కాబట్టి సాంచీకి దక్షిణాన అటువంటి తోరణపు దూలాలు ఫణిగిరిలో దొరకడం కళాచరిత్రకారులను ఆశ్చర్యపరిచింది. ఈ దూలాలను రెండు వైపులా చెక్కారు. లోపలికి పోయేవారు ఒక ముఖాన్ని, బయటికి వచ్చేవారు రెండో ముఖాన్ని చూడాలన్నది దాని ఉద్దేశం. మ్యూజియంలో గోడకు చేర్చి పెట్టినప్పుడు ఆ ఉద్దేశం సగానికి సగం పోతుంది.

ఆ చెక్కడాల్లో బుద్ధుని జీవితఘట్టాలు, సిద్ధార్థుడు రాజభవనం విడిచి వెళ్లిన మహాభినిష్క్రమణం వంటివి, కిక్కిరిసిన జనంతో, గుర్రాలతో, దేవతలతో కనిపిస్తాయి. ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం ఉన్నది. తొలినాటి బౌద్ధ శిల్పులు బుద్ధుని మనిషి రూపంలో చూపక, ఖాళీ ఆసనం, బోధివృక్షం, ధర్మచక్రం, పాదముద్రలు వంటి గుర్తులతోనే ఆయన ఉనికిని సూచించేవారు. తరువాతి కాలంలో బుద్ధుని ప్రతిమను చెక్కడం, పూజించడం వ్యాపించాయి. ఫణిగిరిలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. గుర్తుల పద్ధతిని హీనయానానికి, ప్రతిమ పద్ధతిని మహాయానానికి ముడిపెట్టి, రెండు సంప్రదాయాలూ ఇక్కడ కలసి మనుగడ సాగించాయని చెప్పడం పరిపాటి. అయితే శిల్పరూపాన్ని బట్టి నేరుగా సంప్రదాయాన్ని నిర్ణయించడం కొంత తొందరపాటే అనిపిస్తుంది. ఒకే సంఘం, ఒకే దాతల వర్గం, పాత అలవాటును వదలకుండానే కొత్త అలవాటును చేర్చుకున్నదని భావించినా ఈ శిల్పాలు చక్కగానే అర్థమవుతాయి.

ఫణిగిరి శిల్పాలు 2023 జూలై నుంచి నవంబరు వరకు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో భారతదేశపు తొలి బౌద్ధ కళ మీద జరిగిన ప్రదర్శనలో చోటు చేసుకున్నాయి. ఆ ప్రదర్శన తరువాత దక్షిణ కొరియా రాజధాని సియోల్‌కు తరలింది. సూర్యాపేట జిల్లా గుట్ట మీది రాయిని చూడడానికి విదేశీయులు బారులు తీరడం సంతోషించదగిన విషయమే గాని, ఆ తోరణం నిలిచిన చోటును సూర్యాపేట, కోదాడ బడిపిల్లలు కూడా చూసి ఉంటే ఆ సంతోషం మరింత నిండుగా ఉండేది.

తోరణం దాటిన పాదాలు మహాస్తూపానికి చేరతాయి. ఆ కాలపు ఇటుక నేటి ఇటుకకు రెండింతల పొడవు. దానిని చూసినవారు స్తూపాల దగ్గర ఎక్కడ పాత కట్టడం ముగిసి ఎక్కడ నేటి మరమ్మతు మొదలయిందో తేలికగా పోల్చుకోగలరు. స్తూపంలో గుండ్రని పీఠాన్ని మేధి అని, దానిపై బోర్లించిన గిన్నెలా లేచిన భాగాన్ని అండం అని, శిఖరాన ఉండే చతురస్రపు కట్టడాన్ని హర్మిక అని అంటారు. ఆంధ్రదేశపు స్తూపాలకు ఇంకొక ప్రత్యేకత ఆయక వేదిక; అంటే మేధికి నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకు వచ్చిన అరుగులు, వాటి మీద బుద్ధుని జీవితంలోని అయిదు ముఖ్య ఘట్టాలకు గుర్తుగా అయిదేసి స్తంభాలు నిలిపే ఆచారం. స్తూపం చుట్టూ ఉన్న ప్రదక్షిణాపథంలో కుడిచేతిని స్తూపం వైపు ఉంచి తిరగాలి. ఈ తిరుగుడే పూజ. మంత్రపఠనం కంటె ముందుది, ఎవరికైనా సాధ్యమైనది. పెద్ద స్తూపానికి దగ్గరలోనే చిన్న చిన్న స్తూపాలు కనిపిస్తాయి. భక్తులు మొక్కుబడిగా కట్టించుకున్న వాటిని ఉద్దేశిక స్తూపాలంటారు. స్తోమతను బట్టి ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది కావడం నేటి గుళ్లలో గంటల మీదా గడపల మీదా చెక్కించే దాతల పేర్ల వరుసకు దూరమైనదేమీ కాదు.

ఇక్కడి చైత్యగృహాలు వేరే దృష్టిని కోరతాయి. చైత్యగృహమంటే పూజావస్తువును లోపల ప్రతిష్ఠించి కప్పువేసిన ప్రార్థనామందిరం. ఒక కొస చదరంగా, రెండో కొస అర్ధవృత్తంగా ఉండే ఈ కట్టడాన్ని, వెనుక నుంచి చూసిన ఏనుగు ఆకారంతో పోల్చి, గజపృష్ఠాకారం అంటారు. ఫణిగిరిలో అటువంటి చైత్యగృహాల్లో ఒకదానిలో స్తూపం, మరొకదానిలో బుద్ధపాదం పూజలందుకున్నాయి. బుద్ధపాదమంటే అరికాళ్లలో చక్రం మొదలైన మంగళచిహ్నాలు చెక్కిన పాదముద్రల పలక. స్తూపం చుట్టూ ఆరుబయట తిరిగే పూజ కంటె ఇది భిన్నం. లోపలికి వంగి పోవాలి, ఎదురుగా నిలబడాలి, వెలుగు తక్కువ, చోటు తక్కువ. ఒకే గుట్ట మీద ఆరుబయటి పూజ, నాలుగు గోడల మధ్య పూజ రెండూ సాగాయన్నది ఈ పునాదులను చుట్టి నడిచినప్పుడు తేలికగా బోధపడే సంగతి. వీటితోపాటు అష్టకోణాకారపు స్తూపచైత్యం, 24 స్తంభాల మండపం కూడా బయటపడ్డాయి. ప్రతి పౌర్ణమికీ అమావాస్యకూ భిక్షువులందరూ ఒకచోట కూడి, నియమాలను వల్లించి, తప్పులను ఒప్పుకొనే ఉపోసథమనే ఆచారానికి అటువంటి మండపాలు అనువైనవి.

రాతలో దొరికింది కొంచెమే అన్నా, అందులో ఒక శాసనం మాత్రం ఎంతో విలువైనది. అది ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరం నాటిది. విజయపురి ఇక్ష్వాకుల్లో శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల శాంతమూలుడు తరువాత నాలుగో రాజు రుద్రపురుషదత్తుడు. నాగార్జునకొండలో దొరికిన శాసనం ఆయన 11వ సంవత్సరానిది కావడంతో, ఆయన పాలన అంతకుమించి ఎంతకాలం సాగిందో చెప్పడానికి ఆధారం ఉండేది కాదు; ఫణిగిరి శాసనం ఆ రాజు పాలనాకాలాన్ని ఒక్కసారిగా మరో ఏడేళ్లు పొడిగించింది. రాజధానికి దూరంగా ఉన్న ఒక గుట్ట మీది రాయి రాజవంశ చరిత్రను సవరించడం స్థానిక చరిత్రను చిన్నచూపు చూసేవారికి తగిన సమాధానం.

ఆ శాసనం పద్యరూపంలో బుద్ధుని స్తుతిస్తూ, ధర్మచక్ర ప్రతిష్ఠను నమోదు చేస్తుంది. బుద్ధుడు సారనాథ్‌లో చేసిన తొలి ఉపదేశాన్ని ధర్మచక్ర ప్రవర్తనం అంటారు కాబట్టి చక్రం ఆ ఉపదేశానికి గుర్తు. ఆ చక్రాన్ని నిలిపినవాడు రాజూ కాదు, రాణీ కాదు, ప్రధాన వైద్యుడు. నాగార్జునకొండ దానాల్లో ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీలు, ముఖ్యంగా మహాచైత్యాన్ని పూర్తిచేయించిన శాంతిశ్రీ, ముందు నిలిస్తే, ఫణిగిరిలో ఒక వైద్యుడు ముందుకు రావడం ఆ విహారానికి అండగా నిలిచిన వర్గాల వైశాల్యాన్ని చూపుతుంది. బౌద్ధ వాఙ్మయం బుద్ధుని మహాభిషక్కు, అంటే గొప్ప వైద్యుడు, అని కీర్తిస్తుంది. దుఃఖం, దుఃఖకారణం, దాని నివారణ, నివారణకు మార్గం అనే నాలుగు ఆర్యసత్యాలను రోగం, రోగకారణం, స్వస్థత, చికిత్స అనే వరుసతో పోల్చడం కూడా ఆ వాఙ్మయంలో ఉన్నదే. వైద్యుడు చేసిన దానానికి ఆ పోలిక వెనుక నిలిచిందో లేదో గాని, చికిత్స వృత్తిగా గలవానికి ఈ మతం పరాయిదిగా తోచి ఉండదు.

మండపం నుంచి పక్కకు తిరిగితే భిక్షువుల గదులు. మధ్య ముంగిలి, చుట్టూ చిన్న గదుల వరుసలు ఉండే పద్ధతి ఆ కాలపు విహారాలన్నింటికీ సామాన్యం. ఒక మనిషి పడుకోవడానికి, కూర్చోవడానికి చాలినంతే ఉండే ఆ గదుల కొలతను పుస్తకంలో చదవడం కంటె, మిగిలిన పునాది మధ్య నిలబడి చేతులు చాచి చూడడం వల్ల భిక్షుజీవితపు ఇరుకు, క్రమశిక్షణ ఎక్కువగా అర్థమవుతాయి. విహార ఆవరణలోనే 2019లో మనిషి ఎత్తున్న బోధిసత్త్వుని గచ్చు ప్రతిమ బయటపడింది. బోధిసత్త్వుడంటే బుద్ధత్వాన్ని పొందబోయే మహాపురుషుడు. గచ్చు ప్రతిమ అంటే ఇటుకతో, మట్టితో లోపలి ఆకారం తీర్చి పైన సున్నపు గారతో రూపు దిద్దింది. రాయిలాగ గచ్చు కాలానికి నిలవదు. వానకు కరుగుతుంది, వేరుకు చీలుతుంది. అందుకే అంత పెద్ద గచ్చు ప్రతిమ దొరకడం దేశంలోనే అరుదైన విషయం. శిథిలాల మధ్య నేడు బోసిగా కనిపించే ఇటుక గోడలు ఒకప్పుడు తెల్లని సున్నపు పూతతో, గచ్చు అలంకారాలతో, బహుశా రంగులతో కూడా మెరిసి ఉంటాయని ఊహించుకోవడానికి ఈ ప్రతిమ ఆధారమిస్తుంది.

2024 మార్చి నెలాఖరులో జరిగిన తవ్వకంలో నేల మట్టానికి సుమారు రెండడుగుల లోతున ఒక గుండ్రని మట్టికుండ దొరికింది. కుండ మూతి మీద లోతు తక్కువ ఉన్న పాత్రను బోర్లించి ఉంచారు. లోపల 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒక్కొక్క నాణెం సగటున 2.3 గ్రాములు తూగింది. అంటే ఆ కుండలోని లోహం మొత్తం ఎనిమిదిన్నర కిలోలకు పైమాటే. నాణేలకు ఒక వైపు ఏనుగు, రెండో వైపు ఉజ్జయిని చిహ్నం ఉన్నాయి. అడ్డంగా, నిలువుగా ఉన్న రెండు గీతల నాలుగు కొసలలోనూ నాలుగు వలయాలు ఉండే గుర్తును, ఉజ్జయిని నాణేల మీద విరివిగా కనిపించడం వల్ల, ఆ పేరుతో పిలుస్తారు. ఈ లక్షణాలను బట్టి నిపుణులు వీటిని ఇక్ష్వాకుల కాలానివిగా నిర్ణయించారు. పూసలు, శంఖపు గాజుల ముక్కలు, ఆటబండి చక్రం, ఇనుప మేకులు, కుండపెంకులు కూడా ఆ తవ్వకంలో దొరికాయి.

సీసం చిల్లర నాణెం. బంగారు దీనారంలాగ దూరవర్తకానికి పోయేది కాదు, సంతలో ఉప్పుకూ పప్పుకూ, కూలికీ చేతులు మారేది. అటువంటి చిల్లరను అంత మొత్తంలో విహారంలో పూడ్చి పెట్టడం ఆలోచింపజేస్తుంది. వినయనియమాల ప్రకారం భిక్షువు బంగారం, వెండి, చలామణిలో ఉన్న ఎటువంటి నాణెమూ ముట్టరాదు; బుద్ధుని నిర్యాణానంతరం సుమారు నూరేళ్లకు వైశాలిలో జరిగిన రెండో సంగీతి, అంటే భిక్షుమహాసభ, ముఖ్యంగా చర్చించిన వివాదాల్లో ధనస్వీకారం ఒకటి. కాని విహారమనే సంస్థకు ఖర్చులుంటాయి: కూలీలు, శిల్పులు, సున్నం, నూనె, పండుగ రోజుల అన్నదానం. నాగార్జునకొండ శాసనాలు అక్షయనీవిని, అంటే అసలు తరగకుండా వడ్డీ మాత్రమే వాడుకొనే శాశ్వత నిధిని, వృత్తిసంఘాలైన శ్రేణుల దగ్గర ఉంచినట్టు చెబుతాయి. ఫణిగిరి కుండ ఆ నిధివ్యవస్థకు రోజువారీ ముఖం వంటిదని, మెట్లెక్కి వచ్చిన సామాన్యుల చిన్న చిన్న కానుకల రాశి అని భావించడం ఈ నాణేల స్వభావానికి సరిపోతుంది. ఒక్క ధనికుడు దాచుకొన్న సొమ్ము అయితే అది ఇంత చిల్లరగా ఉండవలసిన పని లేదు.

ఫణిగిరి తవ్వకాల చరిత్ర క్లుప్తమైనదే. నిజాం రాజ్య పురావస్తు శాఖ పక్షాన ఖాజా మహమ్మద్ అహ్మద్ 1941 నుంచి 1944 వరకు ఇక్కడ తవ్వించారు. ఆ వెంటనే నల్లగొండ పల్లెలు సాయుధ పోరాటంలోకి, తరువాత రాష్ట్రాల విలీనంలోకి, జలాశయాల నిర్మాణంలోకి వెళ్లిపోయాయి. గుట్ట అర్ధశతాబ్దానికి పైగా పార తగలకుండా ఉండిపోయింది. 2001లో రాష్ట్ర పురావస్తు శాఖ మళ్లీ మొదలుపెట్టి 2007 వరకు వరుసగా తవ్వింది. తోరణమూ శాసనమూ లోకానికి తెలిసింది ఆ దశ వల్లనే. ఆ తరువాతి తవ్వకాల ఫలితమే గచ్చు ప్రతిమ, నాణేల కుండ.

విహారం ఎందుకు అణగారిందన్న ప్రశ్నకు దండయాత్రలనో మతద్వేషాన్నో వెతకడం కంటె, నడిచివచ్చే పాదాలు ఎందుకు తగ్గాయో ఆలోచించడం ఉపయోగకరం. 4వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజ్యం అంతరించింది. రోము సామ్రాజ్యంతో సాగిన సముద్రవ్యాపారం సన్నగిల్లింది. దారి మీద వర్తకుడు తగ్గితే దారి పక్కన విహారానికి ఆదరువు తగ్గుతుంది. అయినా బౌద్ధం ఈ ప్రాంతం నుంచి ఒక్కసారిగా తొలగిపోలేదు. మూసీ పరీవాహకంలోనే, రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకులు విష్ణుకుండి వంశపు రాజు గోవిందవర్మ తన రాణి కట్టించిన మహావిహారానికి గ్రామాలను దానం చేశాడని చెబుతాయి; అక్కడే దొరికిన మరో రేకులజత శక సంవత్సరం 488కి, అంటే క్రీస్తు శకం 566కు, చెందింది. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటక (అమరావతి) ప్రాంతంలో విహారాలు అనేకం ఉన్నా చాలావరకు పాడుబడ్డాయని రాశాడు.

ఈ మార్పు పరిణామాన్ని చూడాలంటే సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి పోవాలి. అక్కడ కాకతీయ సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన శివాలయాలున్నాయి. వాటిలో ఎరకేశ్వరాలయం 1208 నాటిది. ఫణిగిరి విహారం గుట్టను, దారిని ఆశ్రయిస్తే పిల్లలమర్రి ఆలయాలు మైదానాన్ని, చెరువును ఆశ్రయించాయి. రెండింటి నడుమ గడచిన తొమ్మిది వందల ఏళ్లలో సంపదకు మూలం వర్తకపు బాట నుంచి చెరువు కింది మాగాణికి మారిందనడానికి ఈ రెండు స్థలాల నెలవులే ఆధారం.

కోదాడ వైపు ఉన్నవారికి దగ్గరి పోలిక నేలకొండపల్లి. కోదాడ నుంచి ఖమ్మం పోయే దారిలో, భక్త రామదాసు జన్మస్థలంగా అందరూ ఎరిగిన ఆ ఊరి దగ్గర, పెద్ద ఇటుక స్తూపం, విహారాలు ఉన్నాయి. అక్కడి దిబ్బలను జనం విరాటరాజు కోటగా చెప్పుకోవడం గమనించదగినది. భిక్షువులు వెళ్లిపోయి, స్తూపం పేరు మరచిపోయిన తరువాత, అంత పెద్ద ఇటుకల కుప్పకు ఊరివారు తమకు తెలిసిన మహాభారతం నుంచి యజమానిని వెతికి ఇచ్చారు.

మిర్యాలగూడ నుంచి హాలియా మీదుగా నాగార్జునసాగర్ పోయేవారికి ఎదురయ్యే పరిస్థితి వేరు. ఇక్ష్వాకుల విజయపురి లోయ ఇప్పుడు నీటి అడుగున ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేయడానికి ముందు ఏడాది నుంచే, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ 1960 వరకు లోయంతా తవ్వి, కొన్ని కట్టడాలను విప్పి తెచ్చి, కొండ మీదా అవతలి గట్టున అనుపులోనూ తిరిగి నిలిపింది. అనుపులో గదుల వరుసలు, రంగస్థలం వాటి పాత అమరికలోనే కనిపిస్తాయి గాని, చుట్టూ ఉన్న నేల వాటిది కాదు. ఏ దారి నుంచి మలుపు తిరిగి వచ్చేవారో, ఊరికి ఎంత దూరమో అక్కడ నిలబడి చెప్పలేరు. ఫణిగిరిలో ముఖ్యమైన శిల్పాలు గుట్ట దిగి వెళ్లిపోయాయి గాని, వాగు, ఊరు, ఎత్తు, స్తూపానికీ గదికీ మధ్య నాలుగడుగుల ఎడం అలాగే ఉన్నాయి. అందువల్ల రెండింటినీ చూడదలచినవారు ముందు ఫణిగిరి ఎక్కి, తరువాత అనుపుకు, అక్కడి నుంచి విజయపురి సౌత్ లాంచీల రేవు ద్వారా నాగార్జునకొండ ద్వీపంలోని మ్యూజియానికి పోవడం మేలు. ఆ వరుసలో పోయినవారికి మ్యూజియంలోని ఆయక స్తంభం ఎక్కడ, ఏ దిక్కుకు నిలిచి ఉండేదో అడగకుండానే తెలుస్తుంది.